ఒక్క తూటా పేలకుండా

1938 ఆగస్టు 21, ఆదివారం

పెళ్ళయ్యాక డైరీ మానేశాను. రాసుకోవలసిన అవసరం కనిపించలేదు. ఈ వేసవిలో మళ్ళీ కనిపిస్తోంది. ఇంట్లో ఏం మాట్లాడినా ఎవరో ఒకరు నొచ్చుకునే రోజులు వచ్చాయి.

ఇవాళ భోజనానికి బావగారు వచ్చారు. మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు. జర్మనీ సరిహద్దున ఉన్న ఈ చెక్ దేశపు ఊళ్ళో జర్మన్ పార్టీ కుర్రాళ్ళంతా ఇప్పుడు అవే వేసుకుని తిరుగుతున్నారు. మేం హిట్లర్ మనుషులం అని నోటితో అంటే పోలీసులు పట్టుకుంటారు, మేజోళ్ళను ఎవరూ పట్టుకోరు. కుర్రాళ్ళు వేసుకున్నారంటే సరే. బావగారికి నలభై దాటాయి, సొంత రొట్టెల బట్టీ ఉంది, పొట్ట ఉంది.

అత్తయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమిట్రా అల్ఫోన్స్ ఆ వేషం? ఈ వయసులో మళ్ళీ పెళ్ళికొడుకువి అవుతున్నావా?"

"నవ్వకమ్మా. మన జాతికి మంచి రోజులొచ్చాయి."

"రోజుల సంగతేమో గానీ, ఈ పులుసు ఒలికిందంటే ఆ తెలుపు వదిలించలేక మీ ఆవిడ ప్రాణం పోతుంది."

మా ఆయన ఓట్మార్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. బావగారు నవ్వలేదు. "చూడు ఆనెష్కా, ఇందులో నిన్ను అనేదేం లేదు. నువ్వు చెక్ పిల్లవైనా మా ఇంటి మనిషివే" అన్నారు.

అయినా. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఎనిమిదేళ్ళు. ఆ 'అయినా' ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ఆగస్టు 25, గురువారం

ఇంగ్లండ్ నుంచి వచ్చిన మధ్యవర్తులు మా ఊరికీ వచ్చారు. చెక్ ప్రభుత్వానికీ ఇక్కడి జర్మన్లకూ మధ్య ఏదో ఒక ఒప్పందం కుదర్చడానికట. వస్తూనే ఇక్కడి జమీందారు కౌంట్ గారి కోటకు విందుకు వెళ్ళారు. కౌంట్ గారిది హిట్లర్ పక్షమని ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లీషు వాళ్ళకు తెలియకుండా ఉంటుందా, అన్నీ చూడాలనే వెళ్ళి ఉంటారు.

గాజు కార్మికుల సంఘం తరఫున ఓట్మార్‌తో పాటు ఇద్దరు హోటల్ బయట ఎదురుచూశారు. మేమూ జర్మన్లమే, కానీ మాకు హిట్లర్ వద్దు, మాలాంటివాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు అని చెప్పాలని. సాయంత్రం ఒక కుర్ర అధికారి బయటికొచ్చి వీళ్ళతో మాట్లాడాడట.

"ఎలా ఉన్నాడు?" అని అడిగాను.

"మర్యాదస్తుడు. ఎండలో నిలబెట్టినందుకు క్షమించమన్నాడు. మా బీరు బాగుందన్నాడు. అంతా విని, మీరూ మీరూ కూర్చుని కాస్త సర్దుకోలేరా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మా మెడ మీద కత్తి పెట్టినవాడితో ఎంతవరకు సర్దుకోమంటారు, సగం మెడ వరకా అన్నాను. నవ్వాడు. నా పేరు రెండుసార్లు అడిగి మరీ రాసుకున్నాడు."

పేరు రాసుకున్నాడంటే మంచి సూచనే. ఊరికే రాసుకోరు కదా.

సెప్టెంబరు 5

మా పాప హెడా ఇవాళ మొదటిసారి బడికి వెళ్ళింది, నేను పాఠాలు చెప్పే చెక్ బడికే. వాళ్ళ నాన్న భుజం మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు. దారిలో బావగారి కొట్టు ముందు ఆగి జంతికలా మెలితిప్పిన ఉప్పురొట్టె కొనిచ్చాడట. బావగారు డబ్బు తీసుకోలేదట. అన్నదమ్ములన్నాక ఎంత కాదనుకున్నా అన్నదమ్ములే.

సెప్టెంబరు 13, మంగళవారం

నిన్న రేడియోలో హిట్లర్ ఉపన్యాసం. అది అయిపోగానే ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. ఊరంతా అంటే మా వీధిలో నాకు ఎనిమిదేళ్ళుగా తెలిసిన మనుషులే. బడి కిటికీ అద్దాలన్నీ పగలగొట్టారు. ఆ అద్దాలు ఓట్మార్ పనిచేసే కార్ఖానాలోనే తయారయ్యాయి. పగలగొట్టిన వాళ్ళలోనూ ఆ కార్ఖానా వాళ్ళున్నారు.

ఇవాళ సైనిక చట్టం పెట్టారు. వీధులు ఖాళీ. పార్టీ నాయకులంతా సరిహద్దు దాటి జర్మనీలోకి పారిపోతున్నారు. బావగారు కూడా. వెళ్ళేముందు వంటింటి గుమ్మంలో నుంచే తమ్ముడిని పిలిచారు.

"నాతో వచ్చెయ్ ఓట్మార్. వాళ్ళు ఎలాగూ వస్తారు. వచ్చాక నేను నిన్ను కాపాడలేను."

"ఎవరి నుంచిరా కాపాడటం? నీ నుంచా?"

"నువ్వు జర్మన్‌వి రా!"

"కాదన్నానా? జర్మన్‌నే. అందుకే తల ఎత్తుకోలేకపోతున్నాను."

బావగారి కళ్ళు ఎర్రబడ్డాయి. కోపమో ఏడుపో తెలియలేదు. అత్తయ్య ఆయన జేబులో రెండు ఉడికించిన గుడ్లు కుక్కి, "చలి కోటు తీసుకెళ్ళు" అంది. అంతే అంది.

సెప్టెంబరు 21

సరిహద్దు ప్రాంతాలు జర్మనీకి ఇచ్చెయ్యమని ఇంగ్లండూ ఫ్రాన్సూ మన ప్రభుత్వం పీక మీద కూర్చున్నాయట. మన వాళ్ళు ఒప్పుకున్నారట. అబద్ధం అయ్యుంటుంది. ఫ్రాన్సుకూ మనకూ ఒప్పందం ఉంది. మన మీదికి ఎవరైనా వస్తే వాళ్ళు యుద్ధానికి దిగాలి. పిల్లలకు నేనే పాఠం చెప్పాను.

ప్రాగ్‌లో జనం వీధుల్లో ఏడుస్తూ నడుస్తున్నారని రేడియో.

ఫ్రాన్స్ ఉంది.

సెప్టెంబరు 24, శనివారం

సైన్యాన్ని పిలిచారు! నిన్న రాత్రి రేడియోలో ప్రకటన వచ్చింది. కొత్త ప్రభుత్వం వచ్చింది, ఇవ్వమన్నదేదీ ఇవ్వబోమంటోంది. నలభై ఏళ్ళ లోపు మగవాళ్ళందరూ తక్షణం రావాలి. ఇలా అనకూడదేమో గానీ, యుద్ధం వస్తుందని తెలిసి నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

ఊళ్ళో జర్మన్లు చాలామంది అడవుల్లోకి పోయి దాక్కున్నారు. ఓట్మార్ మాత్రం ప్రకటన పూర్తికాక ముందే బూట్లు వేసుకుంటున్నాడు. అత్తయ్య అతని ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"అటువైపు మీ అన్న ఉంటాడురా."

"తెలుసమ్మా."

"ఎదురుపడితే?"

లేసు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేశాడు. "కొండమీద బంకరు కాంక్రీటు గోడ మందం ఇంత ఉంటుందమ్మా. అందులోంచి మొహాలు కనిపించవు" అన్నాడు.

సెప్టెంబరు 27

అతను మా కొండ మీది సైనిక బంకరులోనే ఉన్నాడు! వంటింటి కిటికీ లోంచి ఆ కొండ కనిపిస్తుంది. ఆల్బుకరా పండ్ల రొట్టెలు చేసి హెడాను తీసుకుని వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు, ముళ్ళకంచె దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. గడ్డం పెరిగింది. పదేళ్ళు చిన్నవాడైనట్టున్నాడు.

వాళ్ళ సార్జెంటు కుబిష్ అనే చెక్ ఆయన, రొట్టె నోట్లో పెట్టుకునే మాట్లాడేశాడు.

"అమ్మా, మీ ఆయన మా కుర్రాళ్ళకు జర్మన్ బూతులు నేర్పుతున్నాడండీ. వచ్చే చుట్టాలను వాళ్ళ భాషలో పలకరించకపోతే బాగుండదు కదా!"

"పాప ముందు ఏమిటండీ ఆ మాటలు" అన్నాను.

"పాపకు నేర్పలేదు లెండి. పాపకు గురి చూడటం నేర్పుతాం."

అందరూ నవ్వారు. దిగివస్తుంటే వెనక ఎవరో పాట అందుకున్నారు. భయం వెయ్యలేదు. ఆ గోడలు చూశాక ఎవరికీ భయం వెయ్యదు. మూడేళ్ళు కట్టారు ఆ గోడలు.

సెప్టెంబరు 29

మ్యూనిక్‌లో సమావేశం. హిట్లర్, ముస్సోలినీ, ఇంగ్లండ్ ప్రధాని, ఫ్రాన్స్ ప్రధాని. మా గురించే. మా వాళ్ళను లోపలికి పిలవలేదట. పక్కగదిలో కూర్చోబెడతారేమో. ఫ్రాన్స్ ఉంది కదా లోపల. మా తరఫున వాళ్ళు మాట్లాడతారు.

సెప్టెంబరు 30

ఇచ్చేశారు.

అక్టోబరు 2, ఆదివారం

ఓట్మార్ నిన్న సాయంత్రం కొండ దిగి వచ్చాడు. బల్ల దగ్గర కూర్చున్నాడు. పులుసు పెట్టాను. తినలేదు. చల్లారితే వేడిచేసి పెట్టాను. అదీ తినలేదు.

గిన్నె పక్కకు జరిపి చెప్పాడు. తుపాకులు అప్పగించమని ఉత్తర్వు చదివినప్పుడు సార్జెంటు కుబిష్‌కు అర్థం కాలేదట. ఇంకోసారి చదవమన్నాడట. తర్వాత వెళ్ళి గోడను పిడికిలితో గుద్దుతూనే ఉన్నాడట, ఇద్దరు పట్టుకుని లాగేదాకా.

"మరి నువ్వు?"

"నేను తుపాకి తుడిచాను. అప్పగించేముందు శుభ్రంగా ఉండాలని నియమం. నూనె గుడ్డతో తుడిచి, మెరిసేలా చేసి మరీ ఇచ్చాను, ఆనెష్కా. రేపు వాళ్ళకు శ్రమ లేకుండా."

అప్పుడు ఏడ్చాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో చూడలేదు. అత్తయ్య లేచి వచ్చి చిన్నకొడుకు తలను పొట్టకు హత్తుకుని నిలబడింది. హెడా తలుపు చాటున నిలబడి చూసింది.

అక్టోబరు 4

రేపు జర్మన్ సైన్యం ఊళ్ళోకి వస్తుంది. మేం దేశం లోపలి వైపు బయల్దేరుతున్నాం. సంఘం వాళ్ళను, హిట్లర్‌ను కాదన్నవాళ్ళను ముందు పట్టుకుంటారని అందరికీ తెలుసు.

అత్తయ్య రానంటోంది.

"మీ మామయ్య సమాధి ఇక్కడుంది. కోళ్ళున్నాయి. అల్ఫోన్స్ తిరిగొస్తాడు. ముసల్దాన్ని, నన్నెవరేం చేస్తారు? మీరు వెళ్ళండి."

"అత్తయ్యా, ఒక్కరే ఎలా ఉంటారు?"

"ఒక్కదాన్నేమిటే, ఊరంతా జర్మన్లేగా ఇప్పుడు" అంది. అని, మొహం తిప్పేసుకుంది.

బండిలో పరుపు, కుట్టుమిషను, హెడా పుస్తకాల సంచి. కిటికీల తెరలు విప్పలేదు. ఎందుకో విప్పబుద్ధి కాలేదు. మళ్ళీ వచ్చినప్పుడు కావాలి కదా.

అక్టోబరు 9, ఆదివారం, లిపోవా

ఇక్కడ వ్యాయామశాలలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. మాలాంటి కుటుంబాలు ఎన్నో. ఊరి ఆడవాళ్ళు బంగాళాదుంపల పులుసు తెస్తున్నారు. మంచివాళ్ళు. ఓట్మార్ నోరు తెరిస్తే మాత్రం గరిటె ఆగిపోతుంది. అతని చెక్‌లో జర్మన్ యాస ఉంది. అందుకే మాట్లాడటం మానేశాడు. నేను అడిగి తెచ్చిపెడుతున్నాను.

పేపర్లో ఫొటో వేశారు. లండన్‌లో జనం వీధుల్లో పాటలు పాడారట, ఒకరినొకరు కౌగిలించుకున్నారట. యుద్ధం తప్పింది. ముందు వరసలో నా వయసు ఆవిడ, చంకలో బిడ్డతో నవ్వుతోంది. చాలాసేపు చూశాను. తిట్టుకుందామనుకున్నాను. ఆవిడ మొగుడు ఇంటికొచ్చాడు, అంతే కదా. మా దేశం పేరు ఆవిడ ఎప్పుడు వినుంటుంది? ఆవిడ చోటులో నేనుంటే, నేనూ పాడేదాన్నేమో.

ఫ్రాన్స్ గురించి ఇక రాయను.

అక్టోబరు 13

పోలీసు అధికారి ఒకాయన వచ్చాడు. పోయిన ప్రాంతాల నుంచి వచ్చిన జర్మన్లంతా తిరిగి వెళ్ళిపోవాలట. సోమవారం రైలు.

"ఈయన మన సైన్యంలో పనిచేశాడండీ. కొండమీద, మన తుపాకి పట్టుకుని. వెనక్కి పంపితే చంపేస్తారు."

"అమ్మా, నాకు తెలియదనుకున్నారా?" ఆయన టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు. "లక్షమంది వచ్చిపడ్డారు. మనవాళ్ళకే తిండి లేదు. పైగా వీళ్ళను ఉంచుకుంటే, జర్మనీ దాన్ని సాకుగా చూపించి మిగిలిన దేశం మీదికి కూడా వస్తుందని ప్రాగ్‌లో భయం. కోపం తెప్పించొద్దని ఉత్తర్వు. మీరు చెక్, మీరూ పాపా ఉండొచ్చు."

ఓట్మార్ మెల్లగా చెక్‌లో అన్నాడు, "మెడలో మిగతా సగమా నేను?"

ఆయనకు అర్థం కాలేదు. నాకయింది.

అక్టోబరు 15, శనివారం

ప్రాగ్ వెళ్ళి వచ్చాను. కాందిశీకులకు ఇంగ్లండ్ వీసాలు ఇప్పిస్తారన్న ఆఫీసు ఒకటి ఉంది. ఆగస్టులో ఒక కుర్ర అధికారి మా ఆయన పేరు రాసుకున్నాడని చెప్పాను. ఆ బల్ల వెనక అమ్మాయి చాలా దయగా విన్నది. ఆ బృందమంతా ఎప్పుడో లండన్ వెళ్ళిపోయిందండీ అంది. వీసాకు నెలలు పట్టవచ్చట. సోమవారం రైలని చెప్పాను. ఆ అమ్మాయి లేచి వెళ్ళి నాకో గ్లాసు మంచినీళ్ళు తెచ్చింది.

దాక్కోమన్నాను ఓట్మార్‌ని. మా అమ్మ వాళ్ళ పల్లెలో గడ్డివాము ఉంది. "దొరికితే నిన్నూ హెడానూ కూడా ఆ రైలు ఎక్కిస్తారు" అన్నాడు.

అక్టోబరు 17

వెళ్ళాడు.

హెడాతో, నానమ్మను చూసి వస్తానని చెప్పాడు. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయో లేదో కనుక్కుని రమ్మంది. సరేనన్నాడు. రైలు పెట్టె మెట్టు మీద నిలబడి నా చేతులు పట్టుకున్నాడు. ఇంత చల్లగా ఉన్నాయేమిటి నీ చేతులు, చేతికి తొడుగులు కొనుక్కో అన్నాడు. రైలు కదిలింది. ఏ పెట్టెలోనూ ఎవరూ అరవలేదు. ఊరూరా ఆగుతూ వెళ్ళే మామూలు రైలులాగే వెళ్ళింది.

అక్టోబరు 18

బావగారు ఉన్నారు అక్కడ. పార్టీలో పలుకుబడి ఉన్న మనిషి. సొంత అన్నయ్య.

అక్టోబరు 23, ఆదివారం

హెడా అడిగింది. వచ్చే ఆదివారం వస్తాడన్నాను.

అక్టోబరు 30, ఆదివారం

వచ్చే ఆదివారం.

నవంబరు 6

ఇక్కడి బడిలో నాకు పని ఇచ్చారు. ఒక గది కూడా దొరికింది. పొయ్యి బాగా మండుతుంది. ఓట్మార్‌కు నచ్చుతుంది. అతను ఇల్లు చేరి ఉంటాడు, అత్తయ్య చేతి వంట తింటూ ఉంటాడు. సరిహద్దు దాటి కబురు పంపడం కష్టం కదా. అందుకే ఏమీ రాలేదు.

హెడా అడగడం మానేసింది.

డిసెంబరు 8, గురువారం

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి గుమ్మం మెట్ల మీద అత్తయ్య కూర్చుని ఉంది. తలకు శాలువా, బూట్ల నిండా బురద. కొత్త సరిహద్దును పొలాల గట్ల మీదుగా నడిచి దాటింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆ రైల్లో తిరిగొచ్చిన ఆడవాళ్ళను అడిగి మా జాడ కనుక్కుందట.

నేను చూడగానే అర్థం చేసుకున్నాను. అయినా లోపలికి తీసుకెళ్ళి, బూట్లు విప్పి, టీ పెట్టాను. మాట్లాడనిస్తే నిజమైపోతుందని భయం. కోళ్ళ గురించి అడిగాను. దేవుడా, కోళ్ళ గురించి అడిగాను.

"కూర్చోవే ఆనెష్కా" అంది.

కూర్చున్నాను.

"ఆ రోజు స్టేషనుకు పులుసు పట్టుకుని వెళ్ళాను. దిగినవాళ్ళను దిగినట్టే వరసలో నిలబెట్టారు. అల్ఫోన్స్ అక్కడే ఉన్నాడు, చేతికి పార్టీ గుర్తు పట్టీ కట్టుకుని. 'నువ్వు ఇంటికెళ్ళమ్మా, నేను మాట్లాడాను, సాయంత్రానికి ఇంటికొస్తాడు' అన్నాడు. నమ్మాను. నా కడుపున పుట్టినవాడు కదా, నమ్మాను. పులుసు పొయ్యి మీదే ఉంచాను."

"తర్వాత?"

"నిర్బంధ శిబిరానికి పంపారన్నాడు. మూణ్ణెల్లే, బుద్ధి చెప్పి పంపుతారన్నాడు. పోయిన వారం పొద్దున్నే వచ్చాడు. చేతిలో వేడి రొట్టె. బల్ల మీద పెట్టాడు. టోపీ తియ్యలేదు. న్యుమోనియాతో పోయాడట అమ్మా అన్నాడు. 'ట' అన్నాడే! సొంత తమ్ముడు పోతే 'పోయాడట' అన్నాడు."

టీ కప్పు ఆవిడ దగ్గరికి జరిపాను.

"ఆ రొట్టె అక్కడే వదిలేశాను. తలుపు కూడా వెయ్యలేదు. వచ్చేశాను."

డిసెంబరు 9

హెడాకు చెప్పాను. నాన్నకు జ్వరం వచ్చిందని మొదలుపెట్టాను. "చచ్చిపోయాడు కదా, నాకు ఎప్పుడో తెలుసు" అంది. నువ్వు ఏడుస్తావని అడగడం మానేశాను అంది.

1939 జనవరి

అత్తయ్య పగలంతా కుట్టుమిషను దగ్గర కూర్చుంటుంది. ఇరుగుపొరుగు చొక్కాలు బాగుచేస్తోంది. మిగిలిన దేశానికి హామీ ఇచ్చాం, ఇక దాని జోలికి ఎవరూ రారు అని ఇంగ్లండ్ పెద్దలు అన్నారని పేపర్లో మళ్ళీ రాశారు. చదివి వినిపించాను. ఆవిడ దారం కొరికి, "చలికాలం గడవనీ" అంది.

రాత్రి మంచంలో చేయి పక్కకు చాపుతాను. ఇంకా అలవాటు పోలేదు.

మార్చి 15, బుధవారం

వాళ్ళు ఇవాళ ఇక్కడికీ వచ్చారు.

పొద్దుటి నుంచి మంచు. రేడియో ఒకటే మాట, ఎవరూ ఎదిరించవద్దు, పనులకు వెళ్ళండి అని. బడి మూసేశారు. పాలకోసం అత్తయ్యతో కలిసి వెళ్ళాను. చౌరస్తాలో మోటారు సైకిళ్ళు, లారీలు, ఉక్కు టోపీలు. జనం గోడల వెంట నిలబడి చూస్తున్నారు. కొందరు మగవాళ్ళు బాహాటంగా ఏడుస్తున్నారు. ఒక్క తూటా పేలలేదు. ఇక్కడ కూడా.

లారీ ఒకటి మా ముందు ఆగింది. పాతికేళ్ళు కూడా లేని సిపాయి దిగి అత్తయ్య దగ్గరికి వచ్చాడు. చలికి ముక్కు ఎర్రగా ఉంది. మర్యాదగా టోపీ అంచు తాకి, జర్మన్‌లో అడిగాడు.

"అవ్వా, సైనిక బ్యారక్‌లకు ఎటు వెళ్ళాలో చెబుతారా?"

అత్తయ్య అతన్ని పాదాల నుంచి మొహం దాకా చూసింది. ఎంతసేపు చూసిందో! ఆవిడకు అర్థం కాలేదేమోనని అతను ఇంకోసారి, నెమ్మదిగా, విడదీసి అడిగాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. వచ్చిరాని చెక్‌లో, "మీ భాష నాకు రాదు బాబూ" అంది.

సిపాయి భుజాలు ఎగరేసి వెళ్ళిపోయాడు. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. వీధి మలుపు దాటేదాకా నిలకడగానే నడిచింది. మలుపు తిరిగాక పాలగిన్నె మంచులో పెట్టి, గోడకు ఆనుకుంది.

"విన్నావుటే, ఆనెష్కా?" అంది. "వాడిది మా ఊరి యాసే."